పొలమారుట: కేసు షీటులో దాని స్థానము

భోజనవేళ ఎవరికైన పొలమారినచో, ఎవరో తలచుకొనుచున్నారని చెప్పి నడినెత్తిపై తట్టుట మన ఇండ్లలో ఆచారము. ఆరోగ్యవంతునకు అది క్షణకాలపు ఇబ్బంది. దగ్గు వచ్చి, దారి తప్పిన మెతుకును వెలుపలికి నెట్టివేయును. కాని పక్షవాతము వచ్చినవారికిని, కంపవాతము గలవారికిని, పుట్టుకలో మెదడు దెబ్బతిన్న పిల్లలకును మ్రింగుటకు తోడ్పడు కండరములు సరిగా పనిచేయకపోవచ్చును. అట్టివారిలో అన్నము, నీరు, లాలాజలము కొంచెము కొంచెముగా ప్రతిదినము శ్వాసనాళములోనికి జారుచుండును. కొందరికి దగ్గైనను రాదు. తిన్న తరువాత గొంతు గురగురలాడుట, మాటిమాటికి జ్వరము వచ్చుట, బరువు తగ్గుట మాత్రమే అట్టివారిలో కనబడు ఆనవాళ్లు.

అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ పదవ కూర్పును ప్రపంచ ఆరోగ్య మహాసభ 1990లో ఆమోదించినది. దీర్ఘకాలపు పొలమారుటకు అందు ప్రత్యేకమైన సంకేతము లేదు. ఆహారము గాని వాంతి గాని ఊపిరితిత్తులలో చేరుటవలన కలుగు వాపునకు జె 69.0, మ్రింగుట కష్టమగుటకు ఆర్ 13, మెదడు రక్తనాళ వ్యాధుల అనంతర ఫలితములకు ఐ 69 అను సంకేతములు గలవు. కావున ఒక్క రోగి స్థితిని తెలుపుటకే రెండు మూడింటిని జతపరుపవలసి యుండును.

ఈ సంకేతములను వేయునది సాధారణముగా వైద్యుడు కాదు, రికార్డుల గుమాస్తా. వైద్యుడు వ్రాసిన మాటకే అతడు సంఖ్య వేయగలడు, వ్రాయనిదానిని ఊహింపరాదు. పక్షవాతము వచ్చిన రెండేండ్లకు ఒక వృద్ధుడు ఒకే ఏట మూడుమారులు జ్వరముతో ఆసుపత్రిలో చేరెననుకొందము. మూడుమారులును కేసు షీటులో ‘న్యుమోనియా’ అని మాత్రమే యున్నచో గుమాస్తా జె 18.9, అనగా కారకము నిర్దేశింపబడని న్యుమోనియా, అని వేయును. తప్పు అతనిది కాదు. ఆ మూడు కాగితములను ప్రక్కప్రక్కన బెట్టి చూచినను మ్రింగుడులోని లోపము ఎవరికిని కనబడదు. నాలుగవమారు చూచు వైద్యుడు మందు మార్చును గాని, అన్నము పెట్టు తీరు మార్చుడని ఇంటివారికి చెప్పుటకు ఆ కాగితములలో ఆధారమేమియు ఉండదు.

అచ్చట వ్రాయవలసినది పెద్ద వ్యాసమేమియు కాదు. ‘రెండేండ్ల క్రిందటి పక్షవాతమువలన మ్రింగుట కష్టము, పలుచని ద్రవములు శ్వాసనాళములోనికి పోవుచున్నవి, అందువలన కుడి ఊపిరితిత్తి క్రిందిభాగమున న్యుమోనియా’ అన్నచో చాలును. ఇందు విలువైన మాట ‘వలన’ అనునది. అదియే మూడు వ్యాధులను ఒక్క వరుసకు తెచ్చుచున్నది. బేరియము మ్రింగించి ఎక్స్‌రే క్రింద చూచి తెలిసికొన్నదా, నర్సు నీరు త్రాగించునపుడు గమనించినదా అనునదియు చేర్చవలెను. నిశ్చయము కానిచో అనుమానమనియే వ్రాయవలెను.

పసిబిడ్డల విషయమున మరియొక చిక్కు గలదు. తలంటునపుడు బిడ్డ ముక్కులో ఆముదమో, నువ్వులనూనెయో చుక్కలుగా వేయు అలవాటు దక్షిణదేశమున కలదు. నీటివలె నూనె వెంటనే దగ్గు పుట్టింపదు. మెల్లగా ఊపిరితిత్తులలోనికి దిగి అచ్చటనే నిలిచిపోవును. ఎక్స్‌రేలో దానిని చూచి క్షయయని పొరబడుటకును వీలున్నది. నూనెలవలన కలుగు ఈ వాపునకు జె 69.1 అని వేరు సంకేతమే గలదు. అయితే తల్లి ఆ నూనెను మందుగా తలపదు, కావున తనంత తాను చెప్పదు. వైద్యుడే అడుగవలెను; అడిగి తెలిసికొన్నదానిని ఏ నూనె, ఎన్నాళ్లనుండి అని వివరముగా వ్రాయవలెను.

రోగి మరణించినప్పుడు ఈ వరుస మరింత ముఖ్యమగును. జనన మరణముల నమోదు చట్టము 1969లో వచ్చినది. 2023 నాటి సవరణ ననుసరించి వైద్యసంస్థలు మరణకారణ ధ్రువపత్రమును రిజిస్ట్రారునకు పంపి, దాని ప్రతిని దగ్గరి బంధువునకును ఇయ్యవలెను. గుండె ఆగినదని వ్రాయుట మరణించిన రీతిని చెప్పుటయే గాని కారణమును చెప్పుట కాదు. పై వృద్ధుని పత్రములో మొదటి పంక్తియందు ఆహారము ఊపిరితిత్తులలో చేరుటవలన న్యుమోనియా, 4 దినములు. రెండవదానియందు మ్రింగుట కష్టము, 2 సంవత్సరములు. మూడవదానియందు పక్షవాతము, 2 సంవత్సరములు అని యుండవలెను. అప్పుడు మూలకారణముగా లెక్కలోనికి ఎక్కునది న్యుమోనియా కాదు, ఐ 69.