హీటరు కొనేముందు మూడో తీగ చూసుకోండి

యాసంగి నాట్లు మొదలయ్యాయంటే తెల్లవారుజామున నాలుగింటికే కూలివాడల్లో పొయ్యిలు రాజుకుంటాయి. పుష్యమాసపు చలి. మడిలో నీళ్లు మంచుగడ్డల్లా ఉంటాయి. పొద్దంతా బురదలో నడుము వంచి నాట్లు వేసిన మనిషి సందెవేళకు ఇల్లు చేరేసరికి నడుము పట్టేసి ఉంటుంది, కాళ్లు కొంకర్లు పోతుంటాయి, వేళ్ల సందులు నాని ఒరుసుకుపోయి ఉంటాయి. నాలుగు చెంబుల వేణ్ణీళ్లు ఒంటిమీద పడితే తప్ప మర్నాడు మళ్లీ మడిలో దిగడానికి ఒళ్లు సహకరించదు. కష్టజీవికి వేణ్ణీళ్లు విలాసం కాదు, అవసరం.

ఆ వేణ్ణీళ్లు ఒకప్పుడు కట్టెలపొయ్యి మీది కాగులో కాగేవి. ఇప్పుడు చాలా ఇళ్లలో కరెంటు రాడ్డు మీద కాగుతున్నాయి. మంచిదే. ఆడవాళ్లకు కట్టెలు మోసే చాకిరి తగ్గింది, పొగ తగ్గింది. కానీ రాడ్డుతోపాటు వాడలోకి ఇంకో మాట కూడా వచ్చింది. "ఏమోనన్నా, బకెట్లో చెయ్యి పెడితే జివ్వుమంటోంది" అంటుంది ఒక అక్క. "మా ఇంట్లోనూ అంతే వదినా, చెప్పులేసుకుని ముట్టుకుంటే ఏం కాదు" అని పక్కింటామె ధైర్యం చెబుతుంది. ఆ 'జివ్వుమనడం' అంటే ఏమిటి? కరెంటు నీళ్లలోకి దిగుతోందన్నమాట. ఇవాళ జివ్వుమన్నదే రేపు తడికాళ్లతో నిలబడ్డ మనిషి ప్రాణం తీస్తుంది. చెప్పుల మీద భరోసా పెట్టుకుని బతకవలసిన ఖర్మ మనకెందుకు? అందుకే ఏ హీటరు కొనాలి, ఎలా వాడాలి అన్నది నాలుగు మాటల్లో చెప్పుకుందాం.

కట్టెల లెక్క, కరెంటు లెక్క

ముందు ఖర్చు సంగతి. 15 లీటర్ల బకెట్టెడు చన్నీళ్లను ఒంటికి సరిపడా వేడి చేయడానికి, అంటే 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి, సుమారు అరయూనిట్ కరెంటు పడుతుంది. మూడురాళ్ల పొయ్యి మీదయితే అదే బకెట్టుకు దాదాపు కిలో కట్టెలు కాలతాయి. ఆ పొయ్యిలో పుట్టిన వేడి పది పాళ్లనుకుంటే నీళ్లకు అందేది ఒకటి, ఒకటిన్నర పాళ్లే. మిగతాదంతా గాలికి, పొగకు పోతుంది. గ్యాసు పొయ్యి మీద కాస్తే బకెట్టుకు 50 గ్రాముల పైచిలుకు గ్యాసు కాలుతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. "పెద్ద రాడ్డు ఎక్కువ కరెంటు తాగుతుంది" అని కొందరు, "చిన్న రాడ్డు గంటలకొద్దీ కాలుతుంది, దానికే బిల్లెక్కువ" అని కొందరు వాదించుకుంటారు. రెండూ తప్పే. 1500 వాట్ల రాడ్డు సుమారు 20 నిమిషాల్లో నీళ్లు కాస్తుంది. 1000 వాట్ల రాడ్డుకు అరగంట పడుతుంది. కాలే యూనిట్లు మాత్రం రెంటికీ దాదాపు ఒకటే. తేడా బిల్లులో లేదు, తీగ మోయాల్సిన బరువులో ఉంది.

అలాగని కరెంటు ఊరికే రాదు. అయిదుగురున్న ఇంట్లో రోజూ అయిదు బకెట్లు కాగితే రోజుకు రెండున్నర యూనిట్లు, నెలకు 75 యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. అది దాటితే మాత్రం మొత్తం యూనిట్లకూ బిల్లు కట్టాలి. కాబట్టి చలికాలంలో మీటరు మీద ఒక కన్నేసి ఉంచాలి. నీళ్లు మరిగిపోయేదాకా రాడ్డు ఉంచి, తర్వాత చన్నీళ్లు కలుపుకోవడం కంటే, చెయ్యి ఓర్చేంత వేడికి లెక్కగా కాచుకోవడమే పొదుపు. ఎంత వేడెక్కిందన్నది మాత్రం ప్లగ్గు పీకాకే చూడాలి.

మూడో తీగ కథ

ఇంట్లో సాకెట్టుకు మూడు చిల్లులుంటాయి. కింది రెంటిలో ఒకటి కరెంటు వచ్చే దారి, అదే ఫేజు. రెండోది కరెంటు తిరిగి పోయే దారి, న్యూట్రలు. పైన ఉండే పెద్ద చిల్లు ఎర్తు. హీటరు లోపల ఎక్కడైనా పగిలి కరెంటు బయటికి కారితే, అది మన ఒంటిగుండా కాకుండా నేలలోకి పోవడానికి వేసిన దారి అది.

మన వాడల్లో చాలా ఇళ్లలో ఆ పెద్ద చిల్లు వట్టి చిల్లే! వెనక తీగ ఉండదు. తీగ ఉన్నా అది గోడలోనే ఆగిపోతుంది. ఇల్లు కట్టిన కాంట్రాక్టరు సాకెట్టు బిగించి బిల్లు తీసుకున్నాడు. ఎర్తు గుంత తవ్వాడా లేదా అని అడిగినవాడు లేడు. బల్బుకు, ఫ్యానుకు ఎర్తు లేకపోయినా అవి తిరుగుతూనే ఉంటాయి కనుక లోపం బయటపడదు. నీళ్లలో ముంచే హీటరు వచ్చినరోజే బయటపడుతుంది.

"ఫ్యూజు ఉందిగా, కొట్టేస్తుందిలే" అనుకోవద్దు. 16 ఆంపియర్ల ఫ్యూజు ఆ 16 దాటితేనే తెగుతుంది. మనిషి గుండెను ఆపడానికి ఆంపియరులో పదోవంతు చాలు. అంటే మనిషి ప్రాణం పోయినా ఫ్యూజుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఫ్యూజు తీగను కాపాడుతుంది, మనిషిని కాదు.

ఇంకొక ప్రమాదకరమైన పనితనం ఉంది. ఎర్తు లేనిచోట కొందరు కరెంటు పనివాళ్లు ఎర్తు చిల్లును న్యూట్రలుకు కలిపేసి "అయిపోయిందన్నా" అని డబ్బులు పట్టుకుపోతారు. ఎక్కడో న్యూట్రలు తీగ ఊడిందంటే ఇక హీటరు గొట్టమంతా ఫేజు అయిపోతుంది. ఎర్తు లేకపోవడంకన్నా ఇది ఘోరం. ఇలాంటి కలుపు పని చెయ్యనియ్యకండి.

సరైన ఎర్తు అంటే సుమారు రెండున్నర మీటర్ల గాల్వనైజు పైపును నేలలో దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, దాని నుంచి ఇంట్లోని ప్రతి సాకెట్టుకూ తీగ లాగడం. ఎండాకాలంలో నేల ఎండితే ఎర్తు బలం తగ్గుతుంది. అప్పుడప్పుడు ఆ గుంతలో బిందెడు నీళ్లు పొయ్యాలి. దీనితోపాటు మీటరు పక్కన 30 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజి బ్రేకరు, ఆర్.సి.సి.బి. అని షాపులో అడిగితే ఇస్తారు, బిగించుకోవాలి. పోయిన కరెంటు తిరిగి వచ్చిన కరెంటుతో సరితూగకపోతే సెకనులో మూడోవంతు గడవకముందే ఇది లైను కట్ చేస్తుంది. దాని మీద ఒక చిన్న పరీక్ష బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కినా కొట్టెయ్యకపోతే అది పనిచెయ్యడం లేదన్నమాట.

ఏది కొనాలి

రాడ్డు కొనేవాళ్లు ఐఎస్ఐ గుర్తు, దాని కింద ఐఎస్ 368 అనే సంఖ్య చూసి కొనాలి. సంతలో తక్కువ ధరకు గుట్టపోసి అమ్మే గుర్తులేని రాడ్లు కొనవద్దు. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నదే తీసుకోవాలి. రెండు పిన్నులదైతే ఉచితంగా ఇచ్చినా వద్దు.

మీ ఇంట్లో ఉన్నవి చిన్న 6 ఆంపియర్ల సాకెట్లేనా? అయితే 1500 వాట్ల రాడ్డు వాటికి మోయలేని బరువు. అది ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. సాకెట్టు నల్లబడటం, ప్లగ్గు కాలిన వాసన రావడం అందుకే. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు, దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ వేయించుకున్నాకే పెద్ద రాడ్డు. అంతవరకు నాలుగు ఆంపియర్ల పైచిలుకుతో సరిపోయే 1000 వాట్ల రాడ్డు నయం. పది నిమిషాలు ఆలస్యమైతే కొంప మునగదు. ఎర్తు మాత్రం దీనికీ ఉండి తీరాలి.

గీజరు పెట్టుకోగలిగినవాళ్లు దానికి వేరే తీగ, వేరే స్విచ్చి వేయించుకోవాలి. స్విచ్చి స్నానాల గది బయట ఉండాలి. గీజరుకుండే సేఫ్టీ వాల్వు నుంచి బొట్టుబొట్టుగా నీళ్లు కారుతున్నాయని దాన్ని బిగగట్టి మూసెయ్యకూడదు. లోపలి ఒత్తిడిని బయటికి వదిలే తలుపు అది. మూసేస్తే తొట్టి పేలే ప్రమాదం ఉంది.

ఎర్తు లేని ఇల్లయితే ఎర్తు వేయించుకునేదాకా కట్టెల బాయిలరే మేలు. మధ్యలో నిప్పుగొట్టం, చుట్టూ నీళ్లు ఉండే రాగి బాయిలరులో మూడురాళ్ల పొయ్యికన్నా తక్కువ కట్టెలు పడతాయి. పత్తి కట్టె, కంది కట్టె, కొబ్బరి డొక్కలు, మొక్కజొన్న బెండ్లు ఏవైనా కాలతాయి. నీళ్లు నింపకుండా మాత్రం నిప్పు వెయ్యొద్దు, అతుకులు ఊడిపోతాయి.

వాడకంలో మరవకూడనివి

రాడ్డు నీళ్లలో పెట్టాకే స్విచ్చి వెయ్యాలి. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, ఆ తర్వాతే నీళ్లు ముట్టుకోవాలి. స్విచ్చి ఒక్కటే ఆపితే చాలదు. కొన్ని ఇళ్లలో స్విచ్చి న్యూట్రలు మీద ఉంటుంది. ఆపినా ఫేజు లోపలే ఉంటుంది.

ఇనుప బకెట్టు, సిల్వరు గిన్నె వద్దు. గట్టి ప్లాస్టిక్కు బకెట్టు మీద అడ్డంగా ఎండుకర్ర పెట్టి, రాడ్డు అంచుకు తగలకుండా దానికి వేలాడదియ్యాలి. రాడ్డు మీద గీసిన గీతల మధ్యకు నీళ్లు ఉండాలి. గీత కిందికి నీళ్లు తగ్గితే గొట్టం మాడి పగులుతుంది. గీత దాటితే పిడిలోకి నీళ్లు పోతాయి. పసిపిల్లలు తిరిగే చోట నేలమీద బకెట్టు పెట్టి నాట్లకు పోయినట్టు పోకూడదు. ఎవరో ఒకరు దగ్గరుండాలి.

బోరునీళ్లు కాచే రాడ్డుకు తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు వేడిని నీళ్లకు పోనివ్వదు. కరెంటు వృథా, రాడ్డుకు చేటు. కత్తితో గీకొద్దు. ప్లగ్గు పీకి, రాడ్డు చల్లారాక, చుట్టభాగాన్ని నిమ్మరసం గానీ వెనిగరు గానీ కలిపిన నీళ్లలో అరగంట నాననిచ్చి, పీచుతో తోమి కడిగితే ఊడుతుంది. గొట్టం మీద చీలిక గానీ, పచ్చతుప్పు గానీ, తీగ తొడుగు చిట్లడం గానీ కనిపిస్తే ఇక ఆ రాడ్డు పాత సామాన్లవాడిదే. టేపు చుట్టి వాడొద్దు.

పురుగుమందు కొట్టి వచ్చినవాళ్లకు ఇంకో మాట. రాగానే వేణ్ణీళ్లు పోసుకోవద్దు. ముందు చన్నీళ్లతో, సబ్బుతో ఒళ్లంతా రుద్ది కడుక్కోవాలి. వేడికి మందు చర్మంలోకి ఎక్కువగా ఇంకుతుంది.

కనపడని విషం

కరెంటు లేదుగదా అని బొగ్గుల కుంపటి, బాయిలరు, గ్యాసు గీజరు మూసిన గదిలో పెట్టడం కూడా ప్రాణాంతకమే. గాలి ఆడనిచోట నిప్పు సరిగా కాలక కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా నెత్తురును పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి, మగత అనుకునేలోగానే మనిషి పడిపోతాడు. బాయిలరు ఆరుబయట, గ్యాసు గీజరు గది వెలుపల. ఇది మారని నియమం.

ఎవరికైనా షాకు కొడితే ముందు మెయిను ఆపాలి. మనిషిని ముట్టుకోవద్దు. మెయిను అందకపోతే పొడినేల మీద, పొడి పలక మీద నిలబడి ఎండుకర్రతో తీగను తప్పించాలి. ఊపిరి ఆడకపోతే రొమ్ము మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా నొక్కుతూ ఉండాలి. 108కి ఫోను చెయ్యాలి. అంబులెన్సు వచ్చేదాకా నొక్కడం ఆపకూడదు.

వాడంతా కలిసి అడగాల్సింది

ఇదంతా చదివి "జాగ్రత్త మనదే, మన ఖర్మ మనదే" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మీటరు దాకా బాధ్యత కరెంటు సంస్థది, మీటరు దాటితే ఇంటివాళ్లది అని నియమం చెబుతుంది. నిజమే. కానీ ప్రభుత్వం కట్టించిన ఇంట్లో ఎర్తు వెయ్యనిది ఇంటివాళ్లు కాదు గదా! ఒక్కో ఇల్లు ఒక్కో గుంత తవ్వుకోలేకపోతే పది ఇళ్లకు కలిపి మంచి ఎర్తు వేసుకోవచ్చు. ఇంటి పథకం అంచనాల్లోనే ఎర్తు, లీకేజి బ్రేకరు చేర్చాలని, ఇప్పటికే కట్టిన కాలనీల్లో ఇంటింటికీ తనిఖీ చేయించాలని పంచాయతీలో, మండలాఫీసులో రాతపూర్వకంగా అడగాలి.

కార్యకర్తలకు ఒక పని. ఈ చలికాలం ముగిసేలోగా మీ వాడలో తెలిసిన కరెంటు పనివాణ్ణి వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరగండి. మూడో చిల్లులో తీగ ఉన్న ఇళ్లెన్ని, లేనివెన్ని, న్యూట్రలుకు కలిపినవెన్ని అని పుస్తకంలో రాయండి. ఆ జాబితా చేత్తో పట్టుకుని ఆఫీసుకు పోతే "చూద్దాం లే" అని తోసెయ్యడం అంత తేలిక కాదు.

నాట్లేసి వచ్చిన తల్లి కాళ్లమీద వేణ్ణీళ్లు పోసుకుంటుంటే ఆమెకు హాయిగా ఉండాలి, భయంగా కాదు. ఆ భయం పోగొట్టే తీగ నేలలో రెండున్నర మీటర్ల లోతుకు దిగాలి. అది దిగేదాకా అడుగుతూనే ఉందాం.