ఓరుగల్లుకు సైకిల్‌తో వచ్చేవారికి

పేరుకు ఒకటే నగరమైనా వరంగల్‌లో మూడు పట్నాలున్నాయి. తూర్పున పాత వరంగల్, నడుమ హనుమకొండ, పడమర కాజీపేట. రైలు పట్టాల వెంట కొలిస్తే కాజీపేట జంక్షన్ నుంచి వరంగల్ స్టేషన్‌కు 10 కిలోమీటర్లు. మహానగర పాలక సంస్థ పరిధి 400 చదరపు కిలోమీటర్లు దాటినా ఉద్యోగాలు, కాలేజీలు, ఆస్పత్రులు, బజార్లు చాలావరకు ఈ పట్టీలోనే ఉన్నాయి. తీరిగ్గా తొక్కినా సైకిల్ గంటకు 15 కిలోమీటర్లు పోతుంది. అంటే నగరం ఈ చివర నుంచి ఆ చివరకు ముప్పావుగంట దారి. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో బదిలీ మీద, చదువు కోసం ఇక్కడికి చేరే సైకిల్ ప్రియులు ముందుగా మనసులో పెట్టుకోవలసింది ఈ కొలతనే. మహానగరంలో ఆదివారం సరదాగా మిగిలిపోయిన సైకిల్, ఇక్కడ రోజువారీ వాహనం కాగలదు.

నేల కూడా సైకిల్‌కు అనుకూలమే. పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట, మడికొండ దగ్గర మెట్టుగుట్ట కళ్ళెదుట నిలబడి ఉంటాయి గానీ, రోడ్లు వాటిని ఎక్కకుండా పక్కనుంచి సాగిపోతాయి. ఊళ్ళో కాళ్ళకు నిజంగా పని చెప్పేవి రైల్వే వంతెనలే.

సైకిల్ విషయంలో ఈ నగరానికి దేశవ్యాప్త గుర్తింపు కూడా ఉంది. 2020 జూన్‌లో, కరోనా కాలంలో, కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ ‘ఇండియా సైకిల్స్ ఫర్ ఛేంజ్’ పేరుతో నగరాల మధ్య ఒక పోటీ పెట్టింది. బస్సులెక్కడానికి జనం జంకుతున్న ఆ రోజుల్లో, తక్కువ ఖర్చుతో వీధులను సైకిల్‌కు అనువుగా మార్చి చూపమన్నది దాని సారాంశం. 107 నగరాలు పేర్లు నమోదు చేసుకోగా, చివరికి ఎంపికైన 11 నగరాల్లో వరంగల్ ఒకటి. బెంగళూరు, సూరత్, చండీగఢ్, భువనేశ్వర్ వంటి పెద్ద నగరాల సరసన ఈ పేరు నిలవడం చిన్న విషయం కాదు. అయితే గుర్తింపు వచ్చినంతనే ప్రతి రోడ్డూ సైకిల్ దారి అయిపోదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ లాంటిదాన్ని ఊహించుకుని ఇక్కడికి వస్తే నిరాశ తప్పదు. ఇక్కడ సైకిల్ నడిచేది ఆటోలు, బస్సులు, బండ్ల మధ్యనే. ఆ మధ్యలో పాలక్యాన్లు కట్టుకున్న వారూ, పేపర్ వేసే కుర్రాళ్ళూ, కూలికి పోయేవారూ ఏళ్ళ తరబడి సైకిళ్ళు తొక్కుతూనే ఉన్నారు. ఏ మలుపులో ఏ వైపు ఒదగాలో వారిని నాలుగు రోజులు గమనిస్తే తెలుస్తుంది.

ఇల్లు వెతికేటప్పుడు అద్దె, నీళ్ళతోపాటు సైకిల్‌నూ లెక్కలోకి తీసుకోవాలి. నిట్‌లో పనిచేసేవారికి, చదివేవారికి కాజీపేట, వడ్డేపల్లి వైపు దగ్గర. కాకతీయ విశ్వవిద్యాలయానికి వెళ్ళేవారు హనుమకొండ ఉత్తరపు కొస, హసన్‌పర్తి దారి చూసుకుంటే సగం నగరాన్ని దాటే పని తప్పుతుంది. ఎంజీఎం ఆస్పత్రి, కాకతీయ మెడికల్ కాలేజీ పాత వరంగల్ వైపున్నాయి. హనుమకొండ చౌరస్తా మీదుగా రోజూ రెండుసార్లు పోవలసిన ఇంటికన్నా, రెండు కిలోమీటర్లు ఎక్కువైనా చౌరస్తా తగలని ఇల్లే మేలు. సైకిల్ తొక్కేవారిని అలసటకు గురిచేసేది దూరం కాదు, ఆగి ఆగి పోవడమే.

వాననీటి సంగతి అంతకన్నా ముఖ్యం. కాకతీయులు గొలుసుకట్టు చెరువులతో తీర్చిదిద్దిన నేల ఇది. చెరువుల మధ్య నీరు పారిన దారుల్లో తరవాత కాలనీలు లేచాయి. 2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జులైలో కురిసిన భారీ వానలకు హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు కాలనీలు నీట మునిగాయి. 2023లో భద్రకాళి చెరువు కట్టకు గండి కూడా పడింది. అద్దెకు దిగే ముందు ఆ వీధిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయని ఇరుగుపొరుగును అడిగితే దాచకుండా చెబుతారు. గోడ మీద గుర్తు చూపించేవారూ ఉంటారు. సైకిల్ పెట్టుకునే చోటు మెట్ల కింద ఉందా, పై అంతస్తులో ఉందా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. ఖరీదైన సైకిల్‌ను వీధిగేటుకు గొలుసు వేసి వదిలేయడం ఏ ఊళ్ళోనూ మంచిది కాదు.

ఇక సైకిల్‌ను తెచ్చుకోవడం. రైలు ప్రయాణంలో ఉచితంగా తెచ్చుకోనిచ్చే సామాను పరిమితిలోకి సైకిల్ రాదు. పార్శిల్ ఆఫీసులో డబ్బు కట్టి బుక్ చేయాలి. టికెట్ చూపి లగేజీగా రాయిస్తే మనిషి ఎక్కిన రైల్లోనే వస్తుంది. పార్శిల్‌గా పంపితే వేరే రైల్లో, వేరే రోజున చేరవచ్చు. ఇక్కడ కొత్తవారు తరచూ తికమకపడే సంగతి ఒకటుంది. సికింద్రాబాద్ నుంచి బల్లార్షా వైపు పోయే రైళ్ళు కాజీపేట మీదుగా వెళ్ళిపోతాయి, వరంగల్ స్టేషన్‌కు రావు. ఢిల్లీ, చెన్నై మధ్య నడిచే రైళ్ళు చాలావరకు వరంగల్‌లో ఆగుతాయి గానీ కాజీపేటలో ఆగవు. సైకిల్ బుక్ చేసేటప్పుడు దిగే స్టేషన్ పేరు సరిగ్గా రాయించకపోతే మనిషి ఒకచోట, సైకిల్ ఇంకోచోట దిగుతారు.

ప్యాకింగ్‌కు కొత్త సైకిళ్ళు వచ్చే అట్టపెట్టె సరిపోతుంది. సైకిల్ షాపుల్లో అడిగితే ఇస్తారు. ముందు చక్రం, సీటు, పెడళ్ళు విప్పి, హ్యాండిల్‌ను ఫ్రేముకు సమాంతరంగా తిప్పి కట్టాలి. ఎడమ పెడల్ మరలు తిరగేసి ఉంటాయి. దాన్ని గడియారం తిరిగే దిశలో తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక బలం పెట్టి మరలు చెడగొట్టుకున్నవారు ఎందరో. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్న సైకిల్‌కు చక్రం విప్పాక ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క దోపాలి. లేకుంటే దారిలో ఎవరైనా బ్రేకు నొక్కితే ప్యాడ్లు రెండూ దగ్గరకు వచ్చేసి, తిరిగి చక్రం ఎక్కనివ్వవు.

ఊరికి చేరాక ఇంటి దగ్గరి పంక్చర్ షాపతనితో పరిచయం చేసుకోవడం మొదటి పని. పాతకాలపు నల్ల సైకిళ్ళను కళ్ళు మూసుకుని బాగుచేయగలిగిన మేస్త్రీలకు ఈ ఊళ్ళో కొదవ లేదు. రిమ్ము వంకర తీయడంలో, చువ్వలు బిగించడంలో వారి పనితనం చూడదగ్గది. చిక్కల్లా కొత్తరకం సామానుతోనే. మన మామూలు సైకిల్ ట్యూబుకు ఒకరకం వాల్వు ఉంటుంది. గేరు సైకిళ్ళలో చాలావాటికి మోటారుసైకిల్ తరహా ష్రేడర్ వాల్వు ఉంటుంది కనుక ఏ పెట్రోల్ బంకులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. రేసు తరహా రోడ్డు సైకిళ్ళకు ఉండే సన్నటి ప్రెస్టా వాల్వుకు మాత్రం చిన్న ఇత్తడి అడాప్టర్ కావాలి. అది లేనిదే ఏ మేస్త్రీ అయినా చేతులెత్తేయవలసిందే. కాబట్టి అడాప్టర్, తన సైజు ట్యూబులు, బ్రేకు ప్యాడ్లు వెంట తెచ్చుకుంటే మొదటి ఏడాది హాయిగా గడిచిపోతుంది.

ఈ చుట్టుపక్కల పంక్చర్లకు పెద్ద కారణం మేకులు కాదు, సర్కారు తుమ్మ. చెరువు కట్టల మీద, బాటల పక్కన అల్లుకుపోయే ఈ కంప ముల్లు పలచటి టైరులోకి ఇట్టే దిగుతుంది. ఊరి బయట తొక్కాలనుకునేవారు 28 మిల్లీమీటర్ల సన్న టైర్లకన్నా వెడల్పైనవి, పంక్చర్‌ను అడ్డుకునే పొర ఉన్నవి ఎంచుకోవడం తెలివైన పని.

నగరాన్ని నేర్చుకోవడానికి మంచి వేళ తెల్లవారుజాము 5 నుంచి 7 వరకు. ఆ రెండు గంటల్లో భద్రకాళి చెరువు గట్టు, వేయిస్తంభాల గుడి, హంటర్ రోడ్డు మీద జూపార్కు ఒకే చుట్టులో వచ్చేస్తాయి. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి ముందు ఆ వేళలో ఆటోల రద్దీ ఉండదు. ఖిలా వరంగల్‌కు ఒక ఉదయమంతా కేటాయించాలి. స్టేషన్ దగ్గర అండర్ బ్రిడ్జి దాటి శివనగర్ మీదుగా వెళ్తే దారి మొదట మట్టికోట కట్టను, తరవాత రాతికోటను చీల్చుకుని లోపలికి పోతుంది. రాతి ప్రాకారం చుట్టుకొలత సైకిల్‌కు పట్టుమని పావుగంట పని. నాలుగు కీర్తి తోరణాలు, ఖుష్ మహల్ లోపలే ఉన్నాయి. శత్రువుల ఏనుగులు, గుర్రాలు వేగంగా దూసుకురాకుండా కాకతీయులు కోట ద్వారాలను వంకర మలుపులతో కట్టారు. ఏడెనిమిది వందల ఏళ్ళ తరవాత కూడా ఆ మలుపులు వాహనాల వేగాన్ని తగ్గిస్తూనే ఉన్నాయి. ఎదురొచ్చేది కనబడదు కనుక బెల్లు కొట్టుకుంటూ వెళ్ళాలి.

రుతువును బట్టి లెక్క మారుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రోజంతా తొక్కవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఉదయం 8 గంటలకల్లా ఇల్లు చేరాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాల బండ్లు బారులు తీరతాయి. ఆ రోజుల్లో ఆ దారిని వదిలేయడమే మంచిది. వరికోతల కాలంలో, అంటే అక్టోబర్ చివర నుంచి డిసెంబర్ దాకా, మళ్ళీ యాసంగి పంటకు ఏప్రిల్, మే నెలల్లో, పల్లె రోడ్ల మీద సగం మేర వడ్లు ఆరబోస్తారు. కుప్పకు హద్దుగా రాళ్ళు పేరుస్తారు. రైతుకు కల్లం లేక చేస్తున్న పని అది, తప్పుపట్టలేం. కానీ చీకట్లో ఆ రాళ్ళు సైకిల్‌కు ప్రాణాంతకం. వెనక లైటు లేని ట్రాక్టర్లదీ అదే ప్రమాదం. అందుకే ఊరి బయట పొద్దుగూకిన తరవాత తొక్కకూడదు.

బయటి దారుల్లో కొత్తవారికి దగ్గరిది కాజీపేట అవతల ధర్మసాగర్ చెరువు. ఆ తరవాతది నర్సంపేట మీదుగా దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోని పాకాల, గణపతిదేవుని కాలపు చెరువు, చుట్టూ అడవి. అక్కడికి చేరేసరికి ఎండలోనూ గాలి చల్లబడుతుంది. ఇక రామప్ప. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు మీదుగా 65 కిలోమీటర్లకు పైనే. గోదావరి నుంచి వచ్చే ఇసుక లారీలు ఇదే రహదారి పట్టుకుంటాయి కనుక రోడ్డు అంచున ఉండాలి, హెల్మెట్ మరవకూడదు. రెండేళ్ళకోసారి మేడారం జాతర జరిగే రోజుల్లో ఈ దారిలో సైకిల్‌కు చోటుండదు.

ఇంకా దూరం పోగలవారికి హైదరాబాద్ 145 కిలోమీటర్లు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాల్సిన బ్రెవే సవారీలకు సిద్ధమయ్యేవారికి 163వ జాతీయ రహదారి మీద జనగామ దాకా పోయి రావడం చక్కటి సాధన. మొత్తం దారి తొక్కాలంటే దిశ ముఖ్యం. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంటే, వరంగల్ 300 మీటర్ల దరిదాపుల్లో ఉంది. జూన్, జులైలలో గాలి పడమటి నుంచి బలంగా వీస్తుంది. కాబట్టి వానకాలం మొదట్లో వరంగల్ నుంచి హైదరాబాద్ పోవడమంటే ఎదురుగాలిలో ఎత్తు ఎక్కడం. మొదటిసారి చేసేవారు సైకిల్‌ను రైల్లో సికింద్రాబాద్ చేర్చి, అక్కడి నుంచి ఇంటివైపు తొక్కితే, గాలి వెనకనుంచి తోస్తుంది, నేల కిందికి జారుతుంది.