రూ.50 వేలు దాటితేనే ఎగుమతి లెక్కలోకి వస్తుందా?

గూడూరులో లారీకెత్తిన మైకా సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని చెన్నై వెళ్లి ఓడ ఎక్కిందనుకుందాం. దేశ ఎగుమతుల లెక్కలో అది కనిపించాలంటే కనీస విలువ ఎంత ఉండాలి? రూ.50 వేలు అనుకుంటే పొరపాటు. అది జీఎస్టీ ఈ-వే బిల్లుకు పెట్టిన పరిమితి. రాష్ట్రాల మధ్య రవాణాకు 2018 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఎగుమతి గణాంకాలతో దానికి సంబంధం లేదు. (గూడూరు నుంచి ఉత్తరాదికి వెళ్లే తాజా నిమ్మకాయలకు జీఎస్టీయే లేదు, కాబట్టి ఆ బిల్లూ అక్కర్లేదు.)

ఎగుమతి లెక్క షిప్పింగ్ బిల్లుతో మొదలవుతుంది. క్లియరింగ్ ఏజెంటు కస్టమ్స్‌కు దాఖలు చేసే ఈ బిల్లులో సరుకు కోడ్, బరువు, విలువ, చేరే దేశం ఉంటాయి. మైకా కోడ్ 2525తో మొదలవుతుంది. ఆ వివరాలు కోల్‌కతాలోని డీజీసీఐఎస్‌కు చేరతాయి. వాణిజ్య శాఖ నెలనెలా చెప్పే అంకెలకు మూలం ఇవే. షిప్పింగ్ బిల్లు పడితే విలువ చిన్నదైనా లెక్కే. సూట్‌కేసులో అమెరికా వెళ్లే ఆవకాయ మాత్రం లెక్కలోకి రాదు.

ఐరోపాలో పద్ధతి వేరు. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య 1993 నుంచి కస్టమ్స్ తనిఖీలు లేవు. అందుకే ‘ఇంట్రాస్టాట్’ పేరుతో కంపెనీలనే నేరుగా అడుగుతారు. పరిమితి ఏ దేశానిది ఆ దేశానిదే. జర్మనీలో 2025 నుంచి ఏడాదికి పంపే సరుకు 10 లక్షల యూరోలు, తెప్పించుకునేది 30 లక్షల యూరోలు దాటితేనే వివరాలివ్వాలి. మిగతావాళ్ల లెక్కను పన్ను రిటర్నుల ఆధారంగా అంచనా వేస్తారు. చిన్న వ్యాపారికి కాగితాల బెడద తప్పుతుంది, కానీ అతని సరుకు వివరం అంచనాలో కలిసిపోతుంది.

మన దగ్గర చిక్కు విలువతో కాదు, జిల్లా పేరుతో. 2020 ఫిబ్రవరి 15 నుంచి షిప్పింగ్ బిల్లులో సరుకు ఏ రాష్ట్రం, ఏ జిల్లాదో తప్పనిసరిగా చెప్పాలి. పోర్టు చెన్నైలో ఉంది కదా అని అక్కడా చెన్నై అనే రాస్తే గూడూరు మైకా తమిళనాడు ఖాతాలో పడుతుంది. దేశం మొత్తం మారదు, తగ్గేది మన జిల్లా వాటా. జిల్లాలను ఎగుమతి కేంద్రాలుగా చేస్తామంటున్న ప్రభుత్వానికి ఇది చిన్న విషయం కాకూడదు. పైగా 2022 ఏప్రిల్ 4న గూడూరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది. అందుకే పాత బిల్లు చూసి జిల్లా పేరు దించేయడం మంచిది కాదు.

దాఖలుకు ముందు ఏజెంటు చెక్‌లిస్టు పంపుతారు. విలువతో పాటు అందులో జిల్లా గడి కూడా చూడండి. బిల్లు పడ్డాక తప్పు కనిపిస్తే కస్టమ్స్ చట్టం సెక్షన్ 149 కింద సవరణ కోరవచ్చు.