గట్టిదనం వెనుక దాగిన ఒత్తిడి

మరే లోహమూ కలపకుండా, కొలిమిలో పెట్టకుండా మెత్తని ఉక్కు బలాన్ని రెట్టింపు దాకా పెంచవచ్చు. చల్లగా ఉండగానే భారీ రోలర్ల మధ్య నలిపితే చాలు. ఇదే కోల్డ్ రోలింగ్. 3 మిల్లీమీటర్ల రేకు 0.6 మిల్లీమీటర్లకు, అంటే 80 శాతం పలచబడేసరికి, గుండ్రంగా ఉన్న స్ఫటిక రేణువులు నారపోగుల్లా సాగిపోతాయి. లోపల అణువుల వరుసలు తప్పిన చోట్లను డిస్‌లొకేషన్లు అంటారు. అవి వేల నుంచి లక్షల రెట్లు పెరిగి, ఇరుకు సందులో జనంలా ఒకదాన్నొకటి కదలనివ్వవు. ఉక్కు గట్టిపడేది అందుకే. అదే కారణంతో సాగే గుణం పోయి పెళుసెక్కుతుంది.

కంచరి బిందె కొడుతూ మధ్యమధ్యలో కొలిమిలో పెట్టేది ఈ పెళుసు విరచడానికే. ఉక్కు కర్మాగారంలోనూ నలిగిన రేకును సుమారు 700 డిగ్రీల దగ్గర కాచి చల్లారుస్తారు. కొత్త రేణువులు పుట్టి లోహం మళ్లీ సాగుతుంది.

ఈ పాఠం సైన్యానికి తూటా నేర్పింది. తూటా కేసు 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉన్న ఇత్తడి. చల్లగా సాగదీసి చేస్తారు కాబట్టి గట్టిదనంతో పాటు ఒత్తిడీ లోపల మిగిలిపోతుంది. బ్రిటిష్ కాలంలో మన దేశంలో గుర్రపుశాలల దగ్గర నిల్వచేసిన తూటాలు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాలిలో తేమ, లోహంలో దాగిన ఒత్తిడి - మూడూ కలిసి చేసిన పని అది. ఈ సీజన్ క్రాకింగ్ మూలాన్ని 1921లో బ్రిటిష్ పరిశోధకులు వివరించారు. మందు కాచి చల్లార్చడమే.

సర్వీసులో నేను చూసిన రైఫిల్ తూటాల మెడ దగ్గర నీలం, గోధుమ రంగు మరక కనిపించేది. కొత్తగా చేరిన జవాన్లు తుప్పనుకునేవారు. నిజానికి అది మెడను కాచారనడానికి గుర్తు. కేసు అడుగు గట్టిగా, మూతి మెత్తగా ఉండాలి.

2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు 7 ప్రభుత్వరంగ సంస్థలయ్యాయి. ప్రైవేటు సంస్థలూ మందుగుండు తయారీలోకి వచ్చాయి. పోటీలో ధర, సంఖ్య ముందుకొస్తాయి. కానీ దాగిన ఒత్తిడి కంటికి కనిపించదు, గట్టిదనం కొలిచే యంత్రానికీ పూర్తిగా చిక్కదు. మెర్క్యురస్ నైట్రేట్ ద్రావణంలో ముంచి చూసే పాత పరీక్ష పట్టిస్తుంది. అలాంటి తనిఖీలకు సమయం, సిబ్బంది తగ్గిస్తే మిగిలేది కొన్ని రూపాయలే. పగిలిన కేసు తుపాకీలో ఇరుక్కుంటే మూల్యం చెల్లించేది సరిహద్దులోని జవాను.