పద్యం వింటే ఒళ్లు పులకరించింది... దాన్ని కొలవడమెలా?

తొర్రూరు నుంచి పాలకుర్తి వైపు వెళ్తే బమ్మెర ఎంతో దూరం లేదు. భాగవతం రాసిన పోతనకు ఇంటిపేరైన ఊరది. ఈ చుట్టుపక్కల బడుల్లో తెలుగు సారు గజేంద్ర మోక్షం పద్యాన్ని రాగం తీసి ఎత్తుకున్నాడంటే వెనక బెంచీ పిల్లలూ తలెత్తి చూస్తారు. ఆ క్షణాన వాళ్ల ఒంట్లో కలిగే మార్పును పట్టుకునే పరికరాలు ఇప్పుడు చేతి గడియారమంత చిన్నవయ్యాయి. కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ తగిలించి మడుగునూ మొసలినీ చుట్టూ చూపిస్తే ఆ మార్పు పెరుగుతుందో తగ్గుతుందో కూడా లెక్క తీయొచ్చు.

మనవాళ్లకు ఈ చూపు కొత్తది కాదు. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో స్వేదం ఒకటి, రోమాంచం ఒకటి. మనసు కదిలితే ఒళ్లు దాచుకోలేదని ఆనాడే గుర్తించారు. ఈ రెంటినీ ప్రయోగశాలలు ఇప్పుడు కొలుస్తున్నాయి. అరచేతిలో చెమట గ్రంథులు ఎక్కువ. ఉద్వేగం కలగగానే నాడులు వాటిని తట్టిలేపుతాయి. రెండు వేళ్ల మధ్య మనకు తెలియనంత స్వల్ప విద్యుత్తు పంపితే, ఒకటి నుంచి మూడు సెకన్లలో చర్మ వాహకత పెరగడం కనిపిస్తుంది. ఫ్రెంచి వైద్యుడు చార్లెస్ ఫేరే 1888లోనే ఇలాంటి మార్పును నమోదు చేశాడు. రోమాంచానికైతే చర్మాన్ని దగ్గరగా చిత్రీకరించే చిన్న కెమెరా ఉంది. జర్మనీ పరిశోధకులు కవితలు వినిపిస్తూ దానితో పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. పాదాలు, చరణాలు ముగిసే చోట్ల పులకరింత ఎక్కువగా కలిగిందట. పోతన పద్యంలో నాలుగో పాదం దగ్గర గొంతు పెంచే సార్లకు ఈ మాట వింటే సంతోషం కలుగుతుంది.

హెడ్‌సెట్ సంగతి అంత సులువుగా తేలదు. పరిశోధకుడు మక్రాన్‌స్కీ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగంలో 52 మంది విద్యార్థులు సైన్స్ పాఠం నేర్చుకున్నారు. మెదడు తరంగాలను కూడా కొలిచారు. హెడ్‌సెట్‌లో చూసినప్పుడు నిజంగా అక్కడే ఉన్నట్టనిపించింది, నేర్చుకున్నది మాత్రం మామూలు తెర మీద చూసినప్పటికన్నా తగ్గింది. అందుకని హెడ్‌సెట్ వద్దనను. 1213 నాటి రామప్ప గుడిలో పైకప్పు కింద నిలిచిన మదనికల శిల్పాలను తొర్రూరు పిల్లలు కంటి ఎదుట, దగ్గరగా చూడగలిగితే చరిత్ర పాఠానికి అంతకన్నా ఏం కావాలి?

నా భయమంతా పరికరం గీసే గీతను చూసి తీర్పు చెప్పే తొందర గురించే. మార్చి ఎండలో, ఫ్యాన్ ఆగిన గదిలో అరచేయి చెమర్చితే అది గజేంద్రుడి మీద జాలి కాదు, ఉక్కపోత. హెడ్‌సెట్‌తో తల తిరిగి కడుపులో తిప్పినా చర్మ వాహకత పెరుగుతుంది. సారు తనను ప్రశ్న అడుగుతాడేమోనన్న బెదురుకూ పెరుగుతుంది. యంత్రం ఎంత కదిలారో చెబుతుంది, దేనికి కదిలారో చెప్పదు. పద్యం విని కదలకుండా కూర్చున్న అమ్మాయి ఇంటికెళ్లాక నానమ్మకు అదే కథ చెప్పొచ్చు. చేతికి కట్టిన ఏ కొలత పట్టీ దాన్ని పట్టుకుంటుంది? సాహిత్యం, చరిత్ర చాలాసార్లు ఇలా ఆలస్యంగానే పనిచేస్తాయి.

ఇది చట్టం సంగతి కూడా. బడుల్లో పిల్లల ఉద్వేగాలను ఒంటి గుర్తుల ద్వారా ఊహించే కృత్రిమ మేధను యూరోపియన్ యూనియన్ 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించింది, వైద్యం, భద్రత అవసరాలకు తప్ప. మన 2023 డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. అనుమతి అంటే అడ్మిషన్ ఫారం చివర పెట్టించుకునే సంతకం కాకూడదు. పట్టీ ఏం కొలుస్తుందో తెలుగులో చెప్పాలి, వద్దంటే విప్పేయాలి.

ఇక్కడి బడుల్లో ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు హెడ్‌సెట్ లేకుండా, సారు గొంతుతో పద్యం వినిపించి కొలవండి. తర్వాతే హెడ్‌సెట్‌తో పోల్చండి. వచ్చిన గీతను పిల్లల చేతికే ఇచ్చి, ఇక్కడ నీకేమనిపించిందో చెప్పమనండి. దాన్ని మార్కుల రిజిస్టరులోకి మాత్రం ఎక్కించకండి.