కారుకి చెంచా మార్చారు, మరి లెక్క?

టర్బో కారుకి పెద్ద ఇంజెక్టర్లు బిగించారు. బండి జోరందుకోవాల్సింది పోయి, నల్లటి పొగ వదులుతూ దగ్గుతోంది! ఎందుకు?

అమ్మ పులుసులో ఎప్పుడూ రెండు చెంచాల ఉప్పే వేస్తుంది కదా. ఆ చెంచా తీసేసి, మీరు చప్పుడు చేయకుండా గరిటె పెట్టారనుకోండి. అమ్మ చూసుకోకుండా రెండు గరిటెలు వేసేస్తుంది. ఇక ఆ పులుసు ఎవరు తింటారు?

ఇంజెక్టర్ అంటే పెట్రోలు చిమ్మే చెంచా. దాన్ని ఎంతసేపు తెరవాలో కారులోని చిన్న కంప్యూటర్ చెబుతుంది. చెంచా మారిన సంగతి దానికెవరూ చెప్పలేదు, పాపం!

కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. టర్బో అనేది బయటికిపోయే పొగ తోసే బలంతో తిరిగే గాలిమర. నిమిషానికి లక్షకు పైగా చుట్లు కూడా తిరిగేస్తూ ఇంజిన్‌లోకి గాలిని కుక్కుతుంది. మరోవైపు, పెద్ద టర్బో పెడితే గాలి పెరుగుతుంది. దానికి తగ్గ పెట్రోలు అందకపోతే లోపల వేడి మితిమీరి, మంట వేళ తప్పి భగ్గుమంటుంది. పిస్టన్‌కే చిల్లి పడొచ్చు. పొగకన్నా ఇదే అసలు ప్రమాదం.

అందుకే మెకానిక్ చక్రాలను రోలర్ల మీద నిలిపి పరుగెత్తిస్తాడు. బండి కదలదు, చక్రాలే తిరుగుతాయి. ల్యాప్‌టాప్‌లో గాలి, పెట్రోలు పాళ్లు చూస్తూ, కారు కంప్యూటర్‌లోని అంకెలను కొద్దికొద్దిగా మారుస్తాడు. ఒక్కోసారి దీనికి రోజంతా పడుతుంది.