దీపం చెప్పిన అబద్ధం

మీ ఊళ్ళో క్రికెట్టు పోటీ జరుగుతున్నదనుకోండి. లెక్క రాసే ఆయన చెట్టు కింద కూర్చుని ప్రతి పరుగునూ పుస్తకంలో రాసుకుంటూ ఉంటాడు. మైదానానికి అవతల నల్లబల్ల మీద ఒక కుర్రవాడు అంకెలు మారుస్తూ ఉంటాడు. పుస్తకంలో 87 పరుగులు ఉన్నాయి. బల్ల మీద మాత్రం ఇంకా 81 అనే ఉన్నది. చూసేవాళ్ళు దేన్ని నమ్ముతారు? బల్లనే! వాళ్ళకు కనిపించేది అదే మరి.

కంప్యూటరులోనూ, ఫోనులోనూ కూడా ఇలాగే రెండు ఉంటాయి. ఒకటి లోపల దాచి ఉంచిన లెక్క. రెండవది తెర మీద కనిపించే బొమ్మ. లెక్క మారగానే బొమ్మ కూడా దానంతట అదే మారుతుందని మనం అనుకుంటాం. కాని తెరకు లెక్కలు తెలియవు. చాలా తెరలు సెకనుకు 60 సార్లు బొమ్మను కొత్తగా చూపుతాయి. అయినా ప్రోగ్రాము ఆ బొమ్మను మార్చి ఇవ్వకపోతే, పాత అంకెనే సెకనుకు 60 సార్లు చూపుతాయి!

అంకె కాస్త ఆలస్యంగా మారితే ఏం మునిగిపోయింది అంటారా? అయితే ఈ సంగతి వినండి.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో, సస్క్వెహానా నదిలో త్రీ మైల్ ఐలాండ్ అనే లంక ఉన్నది. 1979 మార్చి 28వ తేదీ తెల్లవారుజామున, సుమారు 4 గంటలకు, అక్కడి అణు విద్యుత్ కేంద్రంలో రెండవ రియాక్టరు దగ్గర నీటి పంపులు ఆగిపోయాయి. లోపల ఒత్తిడి పెరిగింది. దాన్ని తగ్గించటానికి ఒక వాల్వు తెరుచుకున్నది. ఇంతవరకూ అంతా సవ్యంగానే జరిగింది. ఒత్తిడి తగ్గగానే వాల్వు మూసుకోవాలి. మూసుకొమ్మని ఆజ్ఞ కూడా వెళ్ళింది. కాని వాల్వు ఇరుక్కుపోయి తెరుచుకునే ఉండిపోయింది.

ఉద్యోగుల ఎదుట ఉన్న పలక మీద ఆ వాల్వుకు ఒక దీపం ఉన్నది. అది ఆరిపోయింది. అందుచేత వాల్వు మూతపడిందని వాళ్ళు అనుకున్నారు. నిజానికి ఆ దీపం వాల్వును చూసి చెప్పేది కాదు! వాల్వును తెరిచే విద్యుత్తు ఉన్నదా, లేదా అన్నది మాత్రమే చెబుతుంది. అంటే, ఆజ్ఞ వెళ్ళిందని చెప్పిందే గాని, ఆజ్ఞ నెరవేరిందని చెప్పలేదన్నమాట.

రియాక్టరును చల్లబరచవలసిన నీరు 2 గంటలకు పైగా ఆ దారినే బయటికి పోయింది. మరొక కొలతను చూసి లోపల నీరు ఎక్కువైందని పొరబడి, ఉద్యోగులు అత్యవసరంగా వచ్చే నీటిని కూడా తగ్గించారు. చివరకు లోపలి ఇంధనంలో దాదాపు సగం కరిగిపోయింది. ఆ రియాక్టరు మళ్ళీ పని చేయలేదు. ప్రమాదానికి ఇతర కారణాలు లేకపోలేదు. కాని ఉన్నదొకటి, కనిపించిందొకటి కావటం వాటిలో ముఖ్యమైనది.

అదే ఏడాది డిసెంబరులో, ఈ ప్రమాదంతో ఏ సంబంధమూ లేకుండా, ట్రిగ్వె రీన్స్‌కౌగ్ అనే నార్వే శాస్త్రజ్ఞుడు ఒక చక్కని పద్ధతిని కాగితం మీద పెట్టాడు. ఆయన అంతకు పూర్వం ఓడల నిర్మాణానికి పనికివచ్చే ప్రోగ్రాములు తయారుచేసినవాడు. ఈ పద్ధతి ఆయనకు తట్టింది కాలిఫోర్నియాలో జిరాక్స్ సంస్థవారి పరిశోధనశాలకు అతిథిగా వచ్చినప్పుడు.

ఆయన ప్రోగ్రామును మూడు భాగాలు చేశాడు. లెక్కను దాచే భాగం "మోడల్". దాన్ని బొమ్మగా చూపే భాగం "వ్యూ". మనం నొక్కే మీటల సంగతి చూసే భాగం "కంట్రోలర్". ఒకే లెక్కకు ఎన్ని బొమ్మలైనా ఉండవచ్చు. ఒకటి అంకెలుగా చూపితే, మరొకటి గీతలుగా చూపుతుంది. కాని అసలు లెక్క ఉండేది ఒక్కచోటనే.

మరి లెక్క మారినట్టు బొమ్మకు ఎలా తెలుస్తుంది? "మారిందా? మారిందా?" అని క్షణక్షణమూ అడుగుతూ ఉండవచ్చు. కాని ఏమీ మారనప్పుడు ఆ శ్రమంతా వృథా. అంతకన్న మంచి ఉపాయం, లెక్కే "నేను మారాను!" అని బొమ్మలన్నిటికీ కబురు చెయ్యటం. కబురు అందగానే ప్రతి బొమ్మా కొత్త అంకెను తెలుసుకుని తనను తాను మార్చుకుంటుంది.

మీట నొక్కగానే బొమ్మ తొందరపడి మారిపోకూడదు కూడా. మీ అమ్మగారో, నాన్నగారో ఫోనులో డబ్బు పంపేటప్పుడు గమనించండి. మంచి ప్రోగ్రాము, బ్యాంకు నుంచి జవాబు వచ్చేదాకా "పంపుతున్నాం" అనే చెబుతుంది. "చేరింది" అని ముందే అన్నదంటే అది కూడా ఆ దీపం వంటిదే!

దీన్ని మీరు ఆటగా ఆడి చూడవచ్చు. ఒకరు డబ్బాలో చింతపిక్కలు వేస్తూ, తీస్తూ ఉండాలి. మరి ఇద్దరు డబ్బాకు వీపు పెట్టి కూర్చోవాలి. వాళ్ళలో ఒకరు పిక్కల లెక్కను పలక మీద అంకెగా వేయాలి, రెండవవారు గీతలుగా గీయాలి. మొదటిసారి డబ్బావాడు తనకు తోచినప్పుడు మాత్రమే లెక్క చెప్పాలి. రెండవసారి మార్పు జరిగిన ప్రతిసారీ "మారింది!" అని కేకవేసి లెక్క చెప్పాలి. ఏ ఆటలో పలకలు రెండూ డబ్బాతో సరిపోయాయో మీరే చూడండి.